పగిలిన చేతులు: ఒక టాక్సికాలజిస్టు డైరీ

జనవరి 21, హైదరాబాద్

కొత్తగా చేరిన అమ్మాయికి ఇవాళ ఫ్రాంజ్ సెల్ బిగించడం నేర్పాను. చూడటానికి అరచేతిలో ఇమిడే గాజు పాత్ర. కింద ఒక అర, పైన ఒక అర, మధ్యలో చర్మం ముక్క. కింది అరలో రక్తంలోని ఉప్పు పాళ్ళకి సరిపోయే ద్రవం పోసి, అందులో చిన్న అయస్కాంతం తిప్పుతాం. పై అరలో మనకి అనుమానం ఉన్న రసాయనం వేస్తాం. చర్మం పైభాగాన్ని 32 డిగ్రీల దగ్గర నిలబెడతాం. బట్ట కప్పని చేతి మీద వేడి ఇంచుమించు అంతే. ఇక అక్కణ్ణుంచి గంటలు చూసుకుంటూ కింది అరలోంచి కాస్త కాస్త ద్రవం తీసి, రసాయనం ఎంత దిగిందో కొలవడమే. థామస్ ఫ్రాంజ్ 1975లో ఈ పద్ధతిని ప్రకటించాడు. చర్మం మీద పడ్డది ఒంట్లోకి ఎంత పోతుందని ఎవరడిగినా, ఇప్పటికీ మేం మొదట చేతిలోకి తీసుకునేది ఈ గాజు పాత్రనే.

పనితనమంతా గాలి బుడగ దగ్గరే ఉంది. చర్మం అడుగున ఆవగింజంత బుడగ నిలిచిందంటే ఆ మేర చర్మానికి ద్రవం తగలదు. దిగాల్సింది దిగదు. రసాయనం ఉన్నదానికంటే మంచిదిగా కనిపిస్తుంది. సెల్‌ని వాటంగా పక్కకి వంచి, గాజు మీద గోటితో తడుతూ, బుడగని పక్క గొట్టం నోటిదాకా నడిపించి బయటికి పంపాలి. ఆ అమ్మాయి తొందరపడలేదు. వెలుతురుకెత్తి అడుగునుంచి చూసింది, మళ్ళీ వంచింది, మళ్ళీ చూసింది. ఈ పని ఈ పిల్లకి పట్టుబడుతుంది.

జనవరి 24

రసాయనం వేసే ముందు చర్మం బాగుందో లేదో చూసుకోవాలి. నీటి ఆవిరి ఎంత వేగంగా బయటికి పోతోందన్నది గానీ, కరెంటుని ఎంత అడ్డుకుంటోందన్నది గానీ కొలుస్తాం. గీత పడినా, పలచబడినా ఆ ముక్కని తీసేస్తాం. చాలా దేశాల ల్యాబులు పాటించే ఓఈసీడీ 428వ మార్గదర్శకం, 2004 నాటిది, ఇదే చెబుతుంది. అందులో తప్పు పట్టడానికేం లేదు. ముక్కకో తీరుగా ఉంటే ఒక ల్యాబ్ అంకెని ఇంకో ల్యాబ్ అంకె పక్కన పెట్టి చూడలేం.

ఇవాళ పోయిన ముక్కల్ని పసుపు సంచిలో వేస్తుంటే ఆ అమ్మాయి అడిగింది: "మేడమ్, పాడైన చర్మం మనం పారేస్తాం కదా. మరి అలాంటి చర్మం ఉన్నవాళ్ళ లెక్క ఎక్కడ వస్తుంది?"

వచ్చిన అంకెని పది రెట్లో వంద రెట్లో తగ్గించి పరిమితి పెడతాం, ఆ తేడా అందులో కలిసిపోతుందని చెప్పాను. పుస్తకంలో ఉన్న జవాబు అది. ఆమె తలూపింది. రాత్రి దాకా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

జనవరి 30

చర్మం పైపొర మందం 10 నుంచి 20 మైక్రాన్లు. తల వెంట్రుక మందంలో పావు వంతు. చచ్చిన కణాలు ఇటుకల్లా పేర్చుకుని, మధ్యలో కొవ్వు పదార్థాలు సున్నంలా పట్టి ఉంటాయి. ఒంటి మీది చర్మమంతా పరిస్తే రెండు చదరపు మీటర్లకి కాస్త అటూ ఇటూ. బయటి ప్రపంచానికీ రక్తానికీ మధ్య ఉన్న అడ్డు అంతే.

ఏది దాటుతుంది, ఏది దాటదు అన్నదానికి ఒక మోటు లెక్క ఉంది. అణుభారం 500 డాల్టన్లు మించితే దాటడం కష్టం. మిరపకాయలోని క్యాప్సైసిన్ 305. జుట్టు రంగుల్లోని పారాఫినైలిన్ డైఅమైన్ 108. నికోటిన్ 162. పొద్దున్నే మంచుకి తడిసిన పచ్చి పొగాకు ఆకు కోసే కూలీలకి, జన్మలో చుట్ట ముట్టనివాళ్ళకి కూడా, వాంతులూ తలతిప్పూ వచ్చేది ఇందుకే. ఆకు మీది తడిలో కరిగిన నికోటిన్ చేతుల్లోంచి, తొడల్లోంచి నేరుగా పోతుంది.

మంచి చర్మం కాస్త పుల్లగా ఉంటుంది, పీహెచ్ 5 దగ్గర. సబ్బు, సున్నం, సిమెంటు, బూడిద అన్నీ దానికి ఎదురు తిరిగేవే.

ఫిబ్రవరి 8

ఫెల్డ్‌మన్, మైబాక్‌ల 1967 నాటి పట్టిక మళ్ళీ తీశాను. హైడ్రోకార్టిసోన్‌ని మనుషుల ఒంటిమీద ఒక్కో చోట పూసి, మూత్రంలో ఎంత బయటికొచ్చిందో కొలిచారు వాళ్ళు. ముంజేతిని 1 అనుకుంటే అరచెయ్యి 0.83, నుదురు 6, దవడ మూల 13, వృషణాల తిత్తి 42.

విద్యార్థులు ఆ చివరి అంకె దగ్గర ఇబ్బందిగా నవ్వుతారు. పత్తి చేలో మందు కొట్టే మనిషిని వెనకనుంచి చూసినవాళ్ళకి నవ్వు రాదు. ట్యాంకు మూత సరిగా బిగియదు. కారిన మందు వీపు మీదుగా జారి, నడుం దగ్గర లుంగీ ముడిలోకి ఇంకి, అక్కణ్ణుంచి కిందికి దిగుతుంది. మధ్యాహ్నం దాకా ఆ తడి గుడ్డతోనే ఉంటాడు. ముక్కుకి తువ్వాలు కట్టుకుంటాడు పాపం, వాసనకి భయపడి. ఎక్కువగా పోయే దారి అది కాదు.

డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంటే చర్మం ద్వారా చంపే మోతాదు ఒంటి బరువులో కిలోకి 1 నుంచి 200 మిల్లీగ్రాములు. పసుపు అయితే 201 నుంచి 2,000. మన 1971 నాటి నిబంధనల్లో ఉన్న వరసే ఇది. ఆ మోతాదు తేల్చేది ఎలుకల మీద. బొచ్చు కత్తిరించాలి, చర్మం గీసుకుపోకుండా జాగ్రత్తపడాలి అని పరీక్ష పద్ధతిలో స్పష్టంగా రాసి ఉంటుంది. ఇక్కడా అదే. గీత పడని చర్మం. పత్తి కంపలు గీరిన కాళ్ళతో నడిచే మనిషికి ఆ త్రికోణం ఎంత దూరం వర్తిస్తుంది?

ఫిబ్రవరి 17, గుంటూరు

మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. అందరూ పాతచీర గుడ్డ ముక్కుకి చుట్టుకున్నారు. నాకు దగ్గు ఆగలేదు. వాళ్ళు నవ్వి, పక్కకి జరిగి గాలి వచ్చే చోటు ఇచ్చారు.

"పగలు తెలవదమ్మా. రాత్రి పడుకున్నాక మండుద్ది. నీళ్ళలో పెడితే సల్లగుంటది, తీయగానే మళ్ళీ మండుద్ది."

సరిగ్గా అంతే. క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. చేతులకి నూనె పట్టించి, తుడిచి, అప్పుడు సబ్బుతో కడగమని చెప్పాను. ఆ మంటకి కారణమైన గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో పట్టుకుంది. 43 డిగ్రీలు దాటిన వేడికి స్పందించేదీ, మిరపకాయకి స్పందించేదీ అదే. 2021లో ఆయనకి నోబెల్ వచ్చింది. చర్మం కాలకుండానే కాలినట్టు మెదడుకి కబురు పోతుందన్నమాట.

మంట ఎక్కువున్న చోట హాని ఎక్కువని అందరూ అనుకుంటారు, కార్మికులూ, యజమానులూ, ఒక్కోసారి డాక్టర్లూ. నేను భయపడేది మండని వాటికి. పురుగుమందు చర్మంలోంచి పోయేటప్పుడు చాలాసార్లు చురుక్కుమని కూడా అనదు.

ఫిబ్రవరి 26

తాపీ మేస్త్రి ఒకాయన చేతులు. తడి సిమెంటు పీహెచ్ 12 దాటి ఉంటుంది. అది మొదటి దెబ్బ. రెండోది సిమెంటులో ఉన్న ఆరో రూపం క్రోమియం. నీళ్ళలో కరుగుతుంది, చర్మం దాటుతుంది, లోపల మూడో రూపంలోకి మారి ప్రోటీన్లని అంటుకుంటుంది. ఒంటి రక్షణ కణాలు ఆ జంటని శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. ఒకసారి గుర్తుపెట్టుకున్నాయంటే ఇక మరిచిపోవు. ఈయన మేస్త్రి పని మానేసి వాచ్‌మన్‌గా చేరాడు. అయినా పాదాల మీద దురద పోలేదు. వేసుకున్న తోలు చెప్పులు క్రోమియంతో ఊనినవి.

డెన్మార్క్ 1980ల మొదట్లోనే సిమెంటులో ఫెర్రస్ సల్ఫేట్ కలపడం మొదలుపెట్టింది. ఆరో రూపం అక్కడికక్కడే మూడో రూపమైపోతుంది, చర్మం దాటదు. ఐరోపా అంతటా 2005 జనవరినుంచి పది లక్షల పాళ్ళకి 2 పాళ్ళు మించకూడదన్న గీటు అమల్లోకి వచ్చింది. ఫెర్రస్ సల్ఫేట్ చవకైన సరుకు. మన ఆసుపత్రుల్లో రక్తహీనతకి రాసిచ్చే మాత్రలో ఉండేదీ అదే. ఇంత సులువైన పని ఉండగా ఒక మనిషి ముప్ఫై ఏళ్ళు నేర్చుకున్న పని వదులుకోవాల్సి వచ్చిందంటే నాకు కోపం వస్తుంది.

మార్చి 4

గ్లౌజుల పెట్టె మార్చాను, రెండు రకాలు తెప్పించాను. ఈ పని చేసినప్పుడల్లా కారెన్ వెటర్‌హాన్ తలపుకొస్తుంది. అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ రసాయనశాస్త్ర ఆచార్యురాలు. క్రోమియం విషప్రభావం మీదే ఆమె పేరుపొందింది. 1996 ఆగస్టులో డైమిథైల్ మెర్క్యురీ చుక్కలు కొన్ని ఆమె రబ్బరు గ్లౌజు మీద పడ్డాయి. నియమం ప్రకారం అన్నీ చేసింది. నెలల తర్వాత నడక తూలింది, మాట తడబడింది. 1997 జూన్‌లో పోయింది, 48 ఏళ్ళకి. తర్వాత పరీక్షించి చూస్తే ఆ రసాయనం అలాంటి గ్లౌజుని సెకన్లలో దాటేస్తోంది.

గ్లౌజు వేసుకున్నారా అని అడగడం సులువు. ఏ గ్లౌజు, ఏ రసాయనానికి, ఎంతసేపు అని అడిగేవాళ్ళు తక్కువ.

మార్చి 19, పలాస

జీడి పిక్కల ఫ్యాక్టరీ. యజమాని లోపలికి రానిచ్చాడు, ఫోటోలు మాత్రం వద్దన్నాడు. ఒప్పుకున్నాను, ఫోటో కన్నా కళ్ళు నయం.

ఎండబెట్టిన పిక్కల్ని ఆవిరిలో ఉడికించి, ఆరబెట్టి, వరసగా కూర్చున్న ఆడవాళ్ళ ముందు పోస్తారు. ఒక చేత్తో పిక్కని కత్తుల మధ్య పెట్టి, మరో చేత్తో పిడి లాగితే గుల్ల రెండు చెక్కలవుతుంది. లోపలి పప్పుని చిన్న కత్తి మొనతో పెకలించి గిన్నెలో వేస్తారు. పప్పు నలగకూడదు. పౌనుకి 320 తూగే గుండు పప్పుకి ఒక ధర, బద్దకి ఒక ధర, నూకకి ఒక ధర. చెయ్యి ఎంత వేగమో అంత మెత్తన కూడా కావాలి.

గుల్లలో రెండు పొరల మధ్య చిన్న చిన్న గదులున్నాయి. వాటినిండా నూనె. కత్తి దిగినప్పుడల్లా అది వేళ్ళ మీదికి చిమ్ముతుంది. పచ్చి నూనెలో ఎక్కువ పాలు అనకార్డిక్ ఆమ్లం, దాని తర్వాత కార్డాల్. రెంటికీ 15 కార్బన్ల పొడవు తోక ఉంది. ఆ తోక కొవ్వులో ఇట్టే కలిసిపోతుంది, చర్మం పైపొరలో కణాల మధ్య ఉన్నది కొవ్వే. పిక్కల్ని డ్రమ్ములో బాగా కాలిస్తే ఆమ్లం చాలావరకు కార్డనాల్‌గా మారిపోతుంది గానీ, ఆ పొగ కళ్ళనీ ఊపిరినీ తినేస్తుంది. ఆవిరి పద్ధతిలో పొగ లేదు, పచ్చి నూనె చేతికి మిగులుతుంది. ఇదే నూనెని పిండి అమ్ముతారు. బ్రేకు లైనింగులకీ రంగులకీ వాడతారు.

ఒక పెద్దావిడ పక్కన పీట వేసుకున్నాను.

"ఏటి తల్లీ, సేతులు సూత్తావా? సూడు. అందరివీ ఇలాగే ఉంతాయి."

కుడిచేతి చూపుడువేలు, బొటనవేలు కొసలు నల్లగా, బండగా ఉన్నాయి. గోటి చుట్టూ చర్మం పెచ్చులు లేచింది. పెచ్చు కింద లేత గులాబీ రంగు కొత్త చర్మం మెరుస్తోంది, ఇంకా గట్టిపడనిది. కణుపుల దగ్గర అడ్డంగా పగుళ్ళు, ఒక్కో పగులు లోపల సన్నటి నల్లగీత. అది మట్టి కాదు, ఎండిన నూనె. వేలిముద్ర గీతలు అరిగిపోయాయి. రేషను బియ్యానికి వెళ్తే మిషన్ మీద వేలు పడటం లేదట. ఇంట్లో ఇంకొకరిని పంపిస్తోంది.

నా ల్యాబ్‌లో ఇలాంటి ముక్క వస్తే కొలిచి చూసేదాకా కూడా ఆగను.

మార్చి 20, పలాస

గ్లౌజులు. "ఏసుకుంటే పిక్క జారిపోద్ది. కేజీలు తగ్గిపోతాయి. ఇంకేటి మిగుల్తాది?" మామూలు రబ్బరు గ్లౌజు ఈ నూనెకి ఉబ్బిపోతుంది కూడా. నైట్రైల్ నయం. ఒక వేలికి మాత్రం తొడిగే తొడుగులు ఇస్తే వాడతారా అని అడిగాను. ఇద్దరు ముగ్గురు చూస్తామన్నారు. కేజీల లెక్కన కూలి ఇస్తున్నంత కాలం గ్లౌజు వేసుకోమనడం కూలి తగ్గించుకోమనడమే. ఇది వాళ్ళ నిర్లక్ష్యం అనేవాళ్ళ మాట నేను ఒప్పుకోను.

వాళ్ళ మందు బుగ్గి. పిక్కలు కొట్టే ముందు కాస్త నూనె రాసుకుని బుగ్గిలో వేళ్ళు ముంచుతారు. మధ్యమధ్యలో మళ్ళీ ముంచుతారు. బుగ్గి జిడ్డుని పీల్చుకుంటుంది, పట్టు దొరుకుతుంది, ఆమ్లాన్ని కొంత విరిచేస్తుంది. తెలివైన పనే. కానీ కట్టెల బూడిద తడిస్తే పీహెచ్ 10 పైకి పోతుంది. పైపొరలోని కొవ్వుని అదే లాగేస్తుంది. పొద్దున కాపాడిన బుగ్గి సాయంత్రానికి దారి తెరుస్తోందా? రాసుకున్న నూనె ఏం చేస్తోంది - అడ్డు పడుతోందా, ఆమ్లాన్ని మోసుకుని పోతోందా? ఇప్పటిదాకా నేను చదివిన అంకెలన్నీ శుభ్రమైన చర్మం, ఒకే రసాయనం. ఇక్కడ నూనె, బుగ్గి, చెమట, పగులు, ఆమ్లం అన్నీ ఒకే వేలి మీద ఉన్నాయి.

మధ్యాహ్నం గంట కొట్టాక పెద్దావిడ అడిగింది: "ఈ సేత్తో మనవరాలికి ముద్ద పెట్టొచ్చా తల్లీ? ఆ పిల్లకి నోటి పక్కన పొక్కులొత్తన్నాయి."

మొదట వంటనూనె రుద్ది, పాతగుడ్డతో తుడిచి, అప్పుడు సబ్బుతో కడుక్కోవాలి, ఒక్క సబ్బుతో పోదని చెప్పాను. పొక్కులు ఎప్పుడొస్తున్నాయో, ఎన్నాళ్ళుంటున్నాయో రాసుకోమని పిల్ల తల్లికి చెప్పాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమనీ చెప్పాను, నేను చూడకుండా చెప్పగలిగేది అంతే కాబట్టి.

కుళాయి ఒక్కటే. గేటు దగ్గర. సబ్బు లేదు.

మార్చి 21

ఈ ప్రాంతంలో విషాల మీద పనిచేసే మనిషినని తెలిస్తే మొదట అడిగేది చేతుల గురించి కాదు, కిడ్నీల గురించి. ఉద్దానం ఊళ్ళలో ఏళ్ళ తరబడి కిడ్నీలు పోతున్నాయి, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రీ పరిశోధన కేంద్రమూ తెరిచారు. టీ కొట్టు దగ్గర ఒకాయన, "నీళ్ళా, మందులా, ఏటమ్మా?" అని నిలదీశాడు. తెలియనిది తెలుసన్నట్టు చెప్పకూడదు. డయాలసిస్‌కి భార్యని తీసుకెళ్ళే మనిషి ముందు ఆ మాట చెప్పడం ఎంత కష్టమో నాకివాళ తెలిసింది.

మార్చి 27, హైదరాబాద్

పెర్సివాల్ పాట్, లండన్ సర్జన్, 1775. పొగగొట్టాలు తుడిచే కుర్రాళ్ళకి వృషణాల తిత్తి మీద వచ్చే క్యాన్సర్‌కి మసి కారణమని రాశాడు. వృత్తివల్ల క్యాన్సర్ వస్తుందన్న మాట అంత స్పష్టంగా చెప్పిన మొదటి మనిషి. కుందేళ్ళ చెవులకి తారు పూసి పూసి యమగివా, ఇచికావా క్యాన్సర్ పుట్టించింది 1915లో. తారులోంచి బెంజోపైరీన్ అనే అణువుని విడదీసింది 1933లో. పాట్ రాసిన నూటయాభై ఎనిమిదేళ్ళకి.

ఈలోగా డెన్మార్క్‌లో పొగగొట్టాల పనివాళ్ళ సంఘం రోజూ స్నానం చేయాలని నియమం పెట్టుకుంది. అణువు పేరు తెలిసేదాకా ఆగలేదు.

నా పరీక్షలు పూర్తవడానికి టైము పడుతుంది. కుళాయికి, సబ్బుకి అంత టైము అక్కర్లేదు.

ఏప్రిల్ 6

చెల్లెలి కొడుకు మామిడికాయ కొరికి మూతి కాల్చుకున్నాడు. తొడిమ దగ్గరి సొన. మామిడి, జీడిమామిడి, చాకళ్ళు బట్టలకి గుర్తు పెట్టే నల్లజీడి, జపాన్ వాళ్ళు లక్క పూతకి వాడే ఉరుషి చెట్టు, అమెరికా అడవుల్లో ఒంటికి తగిలితే పొక్కులెక్కించే తీగ, అన్నీ ఒకే కుటుంబం. సొనల్లో ఉండే అణువులు దగ్గరి చుట్టాలు, అందరికీ ఆ పొడవు తోకే. ఒకదానికి ఎలర్జీ వచ్చిన చర్మం ఇంకోదాన్ని కూడా గుర్తుపట్టవచ్చు.

పలాస పెద్దావిడ మనవరాలి నోటి పక్క పొక్కులు. వేసవి. ఇంటి ముందు మామిడిచెట్టు ఉందో లేదో అడగలేదు. ఫోన్ చేసి అడగాలి.

ఏప్రిల్ 7

ఉంది.

అయితే ఇప్పుడు రెండు అనుమానాలు. ఒకటి తేలేదాకా రెండోదాన్ని వదలకూడదు.

ఏప్రిల్ 15

చర్మవ్యాధుల ఓపీలో ఒకామె. నుదుటి నడుమ గుండ్రంగా తెల్లమచ్చ, అంచు గీసినట్టుంది. స్టిక్కర్ బొట్టు పెట్టే చోటే. జిగురులో పారా-టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ ఉంటే ఇలా జరుగుతుందని చాన్నాళ్ళుగా తెలుసు. ఆ అణువు రంగు పుట్టించే కణాన్ని మోసం చేస్తుంది. కణం దాన్ని తనకి కావలసిన టైరోసిన్ అనుకుని లోపలికి తీసుకుని, విషంగా మార్చుకుని, చచ్చిపోతుంది. 1939లో అమెరికాలో తోళ్ళ ఫ్యాక్టరీ కార్మికుల చేతులు తెల్లబడ్డప్పుడు తప్పు వాళ్ళ రబ్బరు గ్లౌజుల్లోని రసాయనానిదని తేలింది. అదీ ఈ జాతిదే.

ఆమె ఏడ్చింది మచ్చకి కాదు, బొల్లి అంటారని. అత్తగారింట్లో పళ్ళెం వేరు పెట్టారట. ఇది అంటుకునేది కాదని, స్టిక్కర్ మానేయమని డాక్టరు గారు రాసిచ్చారు. ఇంటివాళ్ళని కూడా రమ్మని నేనడిగాను.

జపాన్‌లో రోడోడెండ్రాల్ కలిపిన, చర్మాన్ని తెల్లబరిచే క్రీముల్ని 2013లో మార్కెట్‌నుంచి వెనక్కి తీసుకున్నారు. దాదాపు 20 వేల మందికి మచ్చలు పడ్డాయి. 2008లో అనుమతి తెచ్చుకున్న పదార్థమే అది. మండుతుందా, దద్దురు వస్తుందా అని చూసే పరీక్షల్లో రంగుకణం చస్తుందా అన్న ప్రశ్నే ఉండదు.

ఏప్రిల్ 28

ప్యాచ్ టెస్ట్ 1895లో యాదసోన్ కనిపెట్టింది, పెద్దగా మారలేదు. అనుమానించిన పదార్థాలు చిన్న గిన్నెల్లో పెట్టి వీపుకి అంటించి, 48 గంటలకి తీసి చూడాలి, మళ్ళీ నాలుగో రోజు చూడాలి. జీడినూనెని నేరుగా అంటిస్తే ఎవరి చర్మమైనా కాలుతుంది. కాలడం వేరు, ఎలర్జీ వేరు. ఎంత పలచన చేస్తే మొదటిది ఆగి రెండోదే కనిపిస్తుందో ముందు తేల్చుకోవాలి.

ఇక ఈ ఎండల్లో టేపు నిలవదు. చెమటకి అంచులు లేస్తాయి. రెండు రోజులు స్నానం వద్దంటే, రోజంతా నూనెలో పనిచేసిన మనిషితో ఆ మాట ఎలా అనాలి? కూలి పోగొట్టుకుని మూడుసార్లు రమ్మనడం ఎలా? ఆ రోజుల కూలి మేమే ఇవ్వాలి. ప్రాజెక్టు బడ్జెట్‌లో ఆ పద్దు లేదు. రాయిస్తాను.

మే 9

మన దేశంలో సౌందర్య సాధనాల్ని జంతువుల మీద పరీక్షించడం 2014లో నిషేధించారు. మంచి పని జరిగింది. పెంచిన మానవ చర్మకణాల పొరల మీద, గాజు గొట్టంలో ప్రోటీన్ ముక్కల మీద ఇప్పుడు చాలా తేల్చగలుగుతున్నాం. ఉరుషి జాతి అణువులు మాత్రం గాలికో, ఒంట్లోని ఎంజైములకో మారాకే ప్రోటీన్‌ని పట్టుకుంటాయి. గొట్టంలో అమాయకంగా కనిపించినంత మాత్రాన నమ్మడానికి లేదు.

మే 22

మీటింగ్. నా ప్రతిపాదన ఇది: మంచి చర్మం మీద ఒక వరస, పాడైన చర్మం మీద పక్కనే మరో వరస. పాడు చేయడానికి ఒక పద్ధతి ఉంది. చర్మానికి టేపు అంటించి లాగడం, లెక్కగా. ఎన్నిసార్లు లాగితే పైపొర ఎంత పలచబడుతుందో కొలవచ్చు. మూడో వరసకి బుగ్గి నీళ్ళలో నానబెట్టిన చర్మం. నాలుగోదానికి ముందు నూనె, తర్వాత బుగ్గి, వాళ్ళు రాసుకునే వరసలోనే.

పెద్దాయన, నాకు ఈ పని నేర్పినాయనే, ఒప్పుకోలేదు. "అంకెలు చెదిరిపోతాయమ్మా. ఏ పత్రికా వేసుకోదు. ఏ నియంత్రణ సంస్థా తీసుకోదు."

"చెదిరితే చెదిరాయి సార్. ఎంత చెదురుతాయో కూడా అంకే కదా."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, మంచి చర్మం వరసలో నియమానికి వెంట్రుకవాసి కూడా తేడా రాకూడదన్నారు, పక్క వరసల్ని ఎవరూ కొట్టిపారేయలేనంత గట్టిగా. అది నిజమే. ఆ మాటకి నేనూ కట్టుబడ్డాను. కొత్తమ్మాయికి వరసలన్నీ అప్పగించారు. బుడగల విషయంలో ఆ పిల్లని మించినవాళ్ళు ఇప్పుడు మా ల్యాబ్‌లో లేరు.

జూన్ 12, పలాస

షెడ్డు లోపల కుళాయి పెట్టారు. పక్కనే గట్టు మీద వేరుశెనగ నూనె సీసా, గుడ్డల బుట్ట, సబ్బు. వరస రాసి గోడకి అంటించాం, చదవలేనివాళ్ళకి బొమ్మలతో: నూనె, గుడ్డ, సబ్బు, నీళ్ళు, ఆరాక కొబ్బరినూనె. కడిగాక మళ్ళీ బుగ్గి వద్దు. వేలి తొడుగులు కొందరు వేసుకుంటున్నారు, ఎడమచేతికి మాత్రమే, కుడిచేతికి అడ్డమట. ఎడమచేతికైనా మంచిదే.

పెద్దావిడ మనవరాలికి పొక్కులు తగ్గాయి. మామిడికాయల కాలమూ అయిపోవచ్చింది, చేతులు కడగడమూ మొదలైంది. దేనివల్లో చెప్పలేను, వచ్చే వేసవి దాకా.

భోజనం టైము అరగంట. ఒక్క కుళాయి దగ్గర అందరూ వరస కట్టేసరికి చివరివాళ్ళు కడుక్కోకుండానే క్యారేజీలు విప్పుతున్నారు. యజమానితో మాట్లాడాను. రెండో కుళాయికి గొట్టం వేయిస్తానన్నాడు. పది నిమిషాలు ముందే గంట కొట్టమంటే ఆలోచించి చెబుతానన్నాడు. శుక్రవారం మళ్ళీ ఫోన్ చేయాలి. నైట్రైల్ తొడుగుల్లో చిన్న సైజు కావాలని పది మంది దాకా అడిగారు, వాళ్ళ పేర్లు రాసుకున్నాను.